కంబోడియా మిల్లు, కంబోడియా దేశం

(కోయంబత్తూరులో జరిగిన మన యూనియన్ శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం. మదురై సోదరుల కోరిక మీద అచ్చువేస్తున్నాము. తెలుగు అక్షరాలు రాని సభ్యులకు వచ్చినవారు చదివి వినిపించవలసిందిగా మనవి.)



నన్ను ఒక దేశం గురించి మాట్లాడమన్నారు. దాని ఆర్థిక వ్యవస్థ, రోడ్లు, కరెంటు, సైన్యం, అన్నీ చెప్పమన్నారు. ఏ దేశమైనా ఫరవాలేదు, ఆగ్నేయాసియాలో అయితే మంచిది అన్నారు. నేను కంబోడియాను ఎంచుకున్నాను. ఎందుకంటే ఆ దేశం పేరు మన ఊళ్ళో మిల్లు గేటు మీదే ఉంది. ఒండిపుదూరులో కంబోడియా మిల్లు తెలియనివాళ్ళు ఈ హాల్లో ఒక్కరూ ఉండరు. మీలో కొందరు అందులో పని చేసినవాళ్ళే. కాని ఆ పేరు ఎందుకు వచ్చిందో ఎప్పుడైనా అడిగారా? నేను ముప్పయ్యేళ్ళు రింగ్ ఫ్రేముల మధ్య నడిచాను, నేనూ అడగలేదు.

అది పత్తి పేరు. 1900 తర్వాత మొదటి పదేళ్ళలో మద్రాసు రాజధానిలోకి ఒక కొత్త రకం పత్తి వచ్చింది. దానికి కంబోడియా పత్తి అని పేరు. అంతవరకు మన వైపు వర్షం మీద ఆధారపడిన పొట్టి పోగు నాటు రకాలే ఎక్కువ. ఈ కొత్తదానికి నీళ్ళు కావాలి, కాని పోగు పొడుగు, నూలు సన్నంగా వస్తుంది. కోయంబత్తూరు చుట్టూ బావుల కింద తోటలు చేసుకునే మన తెలుగు రైతులకు, గౌండర్లకు అది సరిగ్గా అతికింది. మా తాత ఇంట్లో పత్తి అనేవాడు కాదు, 'ఈసారి కంబోడియా ఎంత?' అని అడిగేవాడు. తర్వాత ఇక్కడి వ్యవసాయ పరిశోధన వాళ్ళు దాని నుంచి ఎన్నో రకాలు తీశారు. ఎం.సి.యు. అని పత్తి బేళ్ళ మీద మీరు చూసే మూడక్షరాలున్నాయే, అందులో ఎం అంటే మద్రాసు, సి అంటే కంబోడియా, యు అంటే ఉగాండా. బ్లో రూములో దాన్ని మోసి మోసి భుజాలు కాయలు కాచినవాళ్ళం, దాని ఇంటిపేరు ఇదీ.

ఆ పత్తి మీద, ఆ తర్వాత 1932లో వచ్చిన పైకారా కరెంటు మీద కోయంబత్తూరు లేచింది. ఊరి పత్తి, ఊరి రైతు పెట్టుబడి, కొండ మీది నీటి కరెంటు. మెల్లగా మోటార్లు కూడా ఇక్కడే తయారయ్యాయి, మిల్లు యంత్రాలూ ఇక్కడే తయారయ్యాయి. విత్తనం దగ్గర నుంచి బనియను దాకా అన్నీ వంద మైళ్ళ లోపలే. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే మనకు పత్తి పేరిచ్చిన దేశంలో ఈరోజు చెప్పుకోదగ్గ పత్తి లేదు, నూలు మిల్లుల పరిశ్రమ లేదు. ఉన్నదల్లా కుట్టు మిషన్లు. గుడ్డ దాదాపు అంతా బయటినుంచి, ముఖ్యంగా చైనా నుంచి వస్తుంది. గుండీలు, జిప్పులు కూడా బయటివే. కత్తిరించడం, కుట్టడం, ఇస్త్రీ చేసి పెట్టెలో పెట్టడం, ఓడ ఎక్కించడం, ఇదీ అక్కడి పరిశ్రమ. దాదాపు తొమ్మిది లక్షల మంది బట్టలు, చెప్పులు, సంచులు కుట్టే ఫ్యాక్టరీల్లో ఉన్నారు. మూడొంతులకు పైగా ఆడవాళ్ళే. దేశం ఎగుమతుల్లో సుమారు సగం వీళ్ళ చేతుల మీదుగానే పోతుంది.

దేశం చిన్నది కాదు, తమిళనాడు కంటే పెద్దదే. జనం మాత్రం కోటీ డెబ్బై లక్షలు. వాళ్ళ లిపి మన దక్షిణాది లిపి నుంచి పుట్టిందే. పాత రాజుల పేర్లన్నీ వర్మలే. మదురై సోదరులు అంగ్‌కోర్ వాట్ ఫోటో చూస్తే మన గుడే అనుకుంటారు. ఆ గుడి బాగుచేసే పనికి 1986 నుంచి 1993 దాకా మన పురావస్తు శాఖ వాళ్ళు వెళ్ళారు. చుట్టాలం అని చెప్పుకోవడానికి ఇది చాలు. అసలు సంగతికి వద్దాం.

1953లో ఫ్రాన్సు వాళ్ళ నుంచి స్వాతంత్ర్యం వచ్చింది. ఆ తర్వాత పదిహేనేళ్ళలో అక్కడ కట్టినవాటి జాబితా చూడండి. సముద్రం ఒడ్డున సిహనూక్‌విల్ ఓడరేవు ఫ్రాన్సు డబ్బుతో. అక్కడి నుంచి రాజధాని నాంపెన్‌కు రోడ్డు అమెరికా డబ్బుతో. అదే దారిలో రైలు మార్గం ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, చైనా సాయంతో, 1969కి పూర్తి. పెద్దాసుపత్రి సోవియట్ వాళ్ళది. నదిమీద వంతెన జపాన్ వాళ్ళది, దాన్ని జనం ఇప్పటికీ జపాన్ వంతెన అనే అంటారు. అందరూ ఇచ్చారు. ఇచ్చినవాళ్ళందరికీ ఏదో ఒక లెక్క ఉంది. పక్కన వియత్నాంలో యుద్ధం నడుస్తోంది కదా.

ఆ యుద్ధం సరిహద్దు దాటింది. అమెరికా విమానాలు 1973 ఆగస్టు దాకా కంబోడియా పల్లెల మీద బాంబులు పోశాయి. 1970లో సైనికాధికారి లాన్ నోల్ అధికారం పట్టాడు. 1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ వాళ్ళు నాంపెన్‌లోకి వచ్చారు. వచ్చిన రోజే పట్నం ఖాళీ చేయమన్నారు. ఆసుపత్రి మంచం మీద ఉన్నవాణ్ణి కూడా నడిపించారు. డబ్బు రద్దు, బజారు రద్దు, బడి రద్దు. 1979 జనవరి 7న వాళ్ళ పాలన పడిపోయేసరికి సుమారు 17 లక్షల మంది చచ్చిపోయారు. కొందరిని చంపారు, మిగతావాళ్ళు ఆకలికీ, రోగానికీ, చాకిరికీ పోయారు. కార్మికుల పేరు, రైతుల పేరు చెప్పుకునే చేశారు ఇదంతా. మన యూనియన్ వేదిక మీద ఈ మాట చెప్పడం కొందరికి ఇష్టం ఉండకపోవచ్చు. జరిగింది జరిగినట్టు చెప్పాలి.

అందుకని, 1991లో పారిస్‌లో శాంతి ఒప్పందం కుదిరి, ఐక్యరాజ్యసమితి వాళ్ళు వచ్చి 1993లో ఎన్నికలు పెట్టేసరికి అక్కడ ఏముందని? పొలాల్లో మందుపాతరలు. పట్టాలున్నా రైలు సరిగా లేదు. బట్టంబాంగ్ వైపు జనం వెదురు తడికెకు చక్రాలు కట్టి, చిన్న ఇంజను తగిలించి, పట్టాల మీద తామే నడుపుకున్నారు. ఎదురుగా ఇంకొకటి వస్తే, సరుకు తక్కువ ఉన్నవాడు దిగి తన బండి విప్పి పక్కన పెట్టాలి. వెదురు రైలు అంటారు. నవ్వొస్తుంది, కాని ప్రభుత్వం చేయని పని జనం చేసుకున్నారు. జపాన్ వంతెన యుద్ధంలో కూలిపోయింది, 1994లో మళ్ళీ జపాన్ డబ్బుతోనే నిలబెట్టారు. కరెంటుకు ఫ్యాక్టరీ గేటు దాటగానే డీజిల్ జనరేటరు. మనం 2012లో రోజుకు పది పన్నెండు గంటల కోతలో షిఫ్టులు తారుమారై, సగం జీతానికి ఇంటికి పోయిన రోజులు మరచిపోలేదు కదా. వాళ్ళకు ఏళ్ళ తరబడి అదే బతుకు. తర్వాత చైనా వాళ్ళు ఆనకట్టలు కట్టారు, వియత్నాం, థాయిలాండ్, లావోస్ నుంచి కరెంటు కొన్నారు. అయినా 2019 వేసవిలో నదులు తగ్గగానే కోతలు మళ్ళీ వచ్చాయి.

ఆ శూన్యంలోకి కుట్టు ఫ్యాక్టరీలు వచ్చాయి. యజమానులు హాంకాంగ్, తైవాన్, చైనా, మలేషియా, కొరియా వాళ్ళు. వాళ్ళు కంబోడియా మీద ప్రేమతో రాలేదు. అప్పట్లో ఏ దేశం అమెరికాకు ఎన్ని చొక్కాలు అమ్మవచ్చో కోటా ఉండేది. తమ దేశాల కోటా నిండిపోయింది, కోటా లేని దేశం కావాలి. అందుకు వచ్చారు. 1999లో అమెరికా ఒక ఒప్పందం చేసింది: కార్మిక చట్టం సరిగా అమలు చేస్తే కోటా పెంచుతాం అని. తనిఖీకి ఐ.ఎల్.ఓ. వాళ్ళు వచ్చారు. ఫ్యాక్టరీ తలుపు తీసి బయటివాడు లోపలికి వచ్చి మరుగుదొడ్డి చూసి, ఓవర్‌టైము పుస్తకం చూసి రాసే పద్ధతి అలా మొదలైంది. కార్మికులకు కొంత మేలు జరిగింది, కాదనను. కాని 2005 జనవరి 1న ప్రపంచమంతా కోటాలు పోయాయి. ఆ ఆశా పోయింది.

ఇక సైన్యం సంగతి. దేశ రక్షణ అంటే మనకు సరిహద్దు, ఫిరంగి గుర్తొస్తాయి. అక్కడి కార్మికురాలిని అడిగితే ఇంకోటి చెబుతుంది. 2010లో ఆ ప్రభుత్వం ఒక పద్ధతి బాహాటంగా ప్రకటించింది. సైనిక దళాలకు ప్రైవేటు కంపెనీలు పోషకులుగా ఉండవచ్చు. ఏ దళానికి ఏ కంపెనీ తిండి, ఇళ్ళు, సామాను ఇస్తుందో జత కట్టారు. సిపాయి అన్నం వ్యాపారి పెడితే, ఆ సిపాయి తుపాకీ ఎటు తిరుగుతుంది? 

ఎటు తిరిగిందో 2014 జనవరిలో తేలింది. అప్పటికి నెలకు కనీస వేతనం 80 డాలర్లు. అక్కడ జీతాలు డాలర్లలోనే లెక్క కడతారు, దేశంలో డాలరే ఎక్కువ చలామణి. 160 డాలర్లు కావాలని వేలాది మంది పని ఆపారు. ప్రభుత్వం ముందు 95 అంది, తర్వాత 100 అంది. కార్మికులు లొంగలేదు. జనవరి 2న ఒక ఫ్యాక్టరీ ముందు కమాండో దళాన్ని దించారు. సరిహద్దులో ఉండాల్సిన దళం! ఇనప గొట్టాలతో కొట్టి, సన్యాసుల్ని కూడా వదలకుండా పట్టుకెళ్ళారు. మరునాడు, జనవరి 3న, నాంపెన్ శివారు వెంగ్ స్రెంగ్ వీధిలో మిలిటరీ పోలీసులు కాల్పులు జరిపారు. కనీసం నలుగురు చనిపోయారు.

నలుగురు, జనవరి అనగానే ఈ హాల్లో పెద్దవాళ్ళ ముఖాలు మారాయి, నేను చూస్తున్నాను. 1946 జనవరి 8న మన చిన్నియంపాళయం కార్మికులు నలుగురిని, రామయ్యన్, వెంకటాచలం, చిన్నయ్యన్, రంగణ్ణన్‌లను, కోయంబత్తూరు జైల్లో ఉరితీశారు. రంగవిలాస్ మిల్లు కార్మికులు. మా చిన్నప్పుడు ఆ పేర్లు చెబితే మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి నిలబడేది. అప్పుడు ఈ ఊళ్ళో చాలా మిల్లుల యజమాని తెలుగే, కార్మికుల్లో ఎందరో తెలుగే. లాఠీ మాత్రం ఒక్క పక్కే పడింది. భాష ఒకటైతే చాలదని మనకు అప్పుడే తెలిసింది.

అంతకు పదేళ్ళ ముందు, అదీ జనవరే, 2004 జనవరి 22న చియా విచియా అనే యూనియన్ నాయకుణ్ణి నాంపెన్‌లో పేపరు దుకాణం దగ్గర పట్టపగలు కాల్చి చంపారు. ఇద్దరు అమాయకుల్ని పట్టుకుని హంతకులన్నారు. ఏళ్ళ తరబడి జైల్లో ఉంచి చివరికి పై కోర్టు వాళ్ళను వదిలేసింది. చంపించినవాడు ఎవడో తేలలేదు.

ఇంత జరిగాక ఏమొచ్చింది? ఇది జాగ్రత్తగా వినండి, నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే. 2015లో కనీస వేతనం 128 డాలర్లయింది. 2016లో 140, 2017లో 153, 2018లో 170. ఆ పైన పరుగు తగ్గింది. 2023కి 200, 2025కి 208, 2026కి 210. ప్రతి ఏడూ సెప్టెంబరు ప్రాంతంలో ప్రభుత్వం, యజమానులు, యూనియన్లు ఒక మండలిలో కూర్చుంటారు. అంకె ఖాయం చేస్తారు, జనవరి నుంచి పరిశ్రమ మొత్తానికీ అది వర్తిస్తుంది. ఆ మండలిలో ప్రభుత్వానికి తల ఊపే యూనియన్లే ఎక్కువని అక్కడి వాళ్ళే అంటారు. 2016లో తెచ్చిన యూనియన్ చట్టం నిజమైన సంఘాల కాళ్ళు కట్టేసింది. అయినా ఏటా ఒక తేదీ ఉంది, ఒక అంకె ఉంది, అది దేశమంతటికీ ఒకటే. 208 డాలర్లంటే 2025లో మన డబ్బులో సుమారు 18 వేలు. దాని పైన హాజరు బోనసు 10 డాలర్లు, ఇంటి అద్దెకు, ప్రయాణానికి కలిపి 7.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. మన మిల్లుల్లో హాస్టల్లో ఉండి పని చేసే ఒడిశా పిల్ల చేతికి, కాంట్రాక్టరు కోతలు పోగా, నెలాఖరుకు ఎంత వస్తుందో ఎవరైనా చెప్పగలరా? ఒకప్పుడు మనం మిల్లు యజమానుల సంఘంతో ఎదురెదురుగా కూర్చుని మిల్లులన్నిటికీ కలిపి ఒప్పందం చేసుకున్నవాళ్ళం. డి.ఏ. పాయింటు ఎంత పెరిగిందో సైకిలు స్టాండులో కూడా చెప్పేవారు. ఇప్పుడు ఒకే షెడ్డులో, ఒకే ఫ్రేము దగ్గర నాలుగు రకాల జీతాలు. పర్మినెంటు, అప్రెంటిసు, కాంట్రాక్టు, హాస్టలు.

అక్కడ బతుకు బంగారమని అనడం లేదు. గదికి ముగ్గురు నలుగురు. తెల్లవారుజామున లారీ వెనక నిలబడి ఫ్యాక్టరీకి పోతారు, ఆ లారీలు బోల్తా పడి ఎందరో పోయారు. ఎండాకాలం వేడికి, తిండి చాలక, ఒకే షెడ్డులో పదులకొద్దీ అమ్మాయిలు ఒక్కసారే సొమ్మసిల్లి పడిపోయిన రోజులు ఎన్నో. మూడు నెలలకో ఆరు నెలలకో కాంట్రాక్టు. కడుపు కనిపిస్తే కాంట్రాక్టు తిరగరాయరు. ఇది మన అక్కలకు నేను వివరించక్కర్లేదు.

పైగా ఆ పరిశ్రమకు వేరు లేదని చెప్పాను కదా. నూలు తనది కాదు, గుడ్డ తనది కాదు, కొనేవాడు తనవాడు కాదు. అందుకే బయట ఎవడు తుమ్మినా అక్కడ గేటు మూతపడుతుంది. ప్రతిపక్షాన్ని అణిచారని యూరపు దేశాలు 2020 ఆగస్టులో పన్ను రాయితీలో కొంత భాగం తీసేశాయి. తప్పు చేసింది పాలకులు, దెబ్బ తగిలింది మిషను దగ్గర కూర్చున్న పిల్లకు. 2025 ఏప్రిల్లో అమెరికా అధ్యక్షుడు ఒక అట్ట పట్టుకుని కంబోడియా సరుకు మీద 49 శాతం సుంకం అన్నాడు. బేరమాడి ఆగస్టుకు 19కి దించుకున్నారు. అదే ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద 50 అయింది. అప్పుడు తిరుప్పూరులో ఏం జరిగిందో మీకు తెలుసు. ఆర్డర్లు ఆగాయి, ఆ దెబ్బ మన నూలు మిల్లుల దాకా వచ్చింది.

అప్పుడే టీ కొట్టు దగ్గర ఒక మాట విన్నాను. 'కంబోడియావాడు మన కూడు లాక్కున్నాడురా' అని. మాట అన్నది మనవాడే, మంచి కార్యకర్త. నేను అతన్ని ఒకటే అడిగాను. నీ మేనేజరు నీకు జీతం పెంచనప్పుడు ఏమంటాడు? వియత్నాంలో, బంగ్లాదేశ్‌లో, కంబోడియాలో చవక అంటాడు. కంబోడియా మేనేజరు అక్కడ ఏమంటాడు? ఎక్కువ అడిగితే బంగ్లాదేశ్‌కో ఇండియాకో పోతాం అంటాడు. అందరి చేతిలోనూ ఒకే దెయ్యం బొమ్మ, ముఖం మాత్రం మార్చి చూపిస్తారు.

చివరగా ఇప్పటి రక్షణ విషయం. సిహనూక్‌విల్ దగ్గర రియామ్ నౌకాస్థావరాన్ని చైనా డబ్బుతో పెంచి 2025 ఏప్రిల్లో తెరిచారు. అక్కడ అంతకు ముందు అమెరికా డబ్బుతో కట్టిన భవనాన్ని 2020లో కూల్చేశారు. నాంపెన్ నుంచి ఆ రేవుకు 187 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్ రోడ్డు 2022లో వచ్చింది. అదీ చైనా కంపెనీదే, యాభై ఏళ్ళు టోలు వాళ్ళే వసూలు చేసుకుంటారు. 1960లలో ఐదారు దేశాలు పంచుకున్న జాబితా ఇప్పుడు చాలావరకు ఒక్కరి పేర ఉంది. రోడ్డు వల్ల కంటైనరు త్వరగా పోతుంది, నిజమే. కాని ఆ కంటైనరు నింపిన అమ్మాయి ఇంకా లారీ వెనకే నిలబడుతోంది.

2025 జులై 24న థాయిలాండ్‌తో సరిహద్దులో యుద్ధం వచ్చింది. పాత గుళ్ళ చుట్టూ, ఫ్రాన్సు వాళ్ళు గీసిన గీత మీద పాత తగాదా. ఐదు రోజుల్లో రెండు వైపులా కలిపి మూడు లక్షల మంది ఇళ్ళు వదిలారు. మలేషియాలో సంధి కుదిరింది. డిసెంబరులో మళ్ళీ కాల్పులు, 27న మళ్ళీ సంధి. థాయిలాండ్‌లో కూలి పని చేసుకునే కంబోడియా వాళ్ళు లక్షల్లో మూటలు నెత్తిన పెట్టుకుని వెనక్కి వచ్చారు. ఊళ్ళో అప్పు ఉంది, పంపే డబ్బు ఆగిపోయింది. వాళ్ళంతా ఎక్కడికి పోతారు? కుట్టు ఫ్యాక్టరీ గేటు దగ్గరికే. గేటు బయట మంది పెరిగితే లోపల జీతం ఏమవుతుందో మన నూరేళ్ళ మిల్లు చరిత్రకు తెలుసు. పైగా ఎప్పుడో 2006లో చేసి మూలన పడేసిన నిర్బంధ సైనిక చట్టాన్ని 2026 నుంచి అమలు చేస్తామని అదే జులైలో ప్రకటించారు. 18 నుంచి 30 ఏళ్ళ మగపిల్లలకు రెండేళ్ళు. ఆ ఇళ్ళల్లో సంపాదించేది ఇక అక్కచెల్లెళ్ళే.

మదురై సోదరుడొకరు ఇందాక చీటీ పంపారు, 'అక్కడ జీతం పెరిగితే మనకు నష్టమా లాభమా' అని. అక్కడ పెరిగితే, కంబోడియాను చూపించి మనల్ని భయపెట్టడం ఆ మేరకు కష్టమవుతుంది. అంతకంటే ముందు మన జీతం ఎంతో మనకు తెలియాలి. మిల్లుల వారీగా మన దగ్గర లెక్కే లేదు, సిగ్గుపడాల్సిన విషయం. అందుకని కార్యవర్గం తరఫున అడుగుతున్నాను: వచ్చే తరగతికి ప్రతి ఒక్కరూ తమ జీతం చీటీతో పాటు పక్క ఫ్రేము మీది కాంట్రాక్టు కార్మికుడిదో, హాస్టలు పిల్లదో ఒక చీటీ తీసుకురండి. చీటీయే ఇవ్వని మిల్లయితే, అంకె రాసుకుని తీసుకురండి. పేర్లు వద్దు. మిల్లు, పని, రోజులు, చేతికొచ్చిన మొత్తం, ఈ నాలుగూ చాలు. ఒడియా, హిందీ వచ్చిన వాళ్ళెవరైనా ఉంటే సాయంత్రం నన్ను కలవండి, వాళ్ళ భాషలో ఈ నాలుగు ప్రశ్నలూ రాయించాలి.